రెండున్నరోసారి

సేవలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, ధనాపేక్ష మీద ప్రసంగం ఎలా చెయ్యాలండి?" అని అడుగుతుంటారు. రిటైరైన పాదిరి అంటే పాత ప్రసంగాల గోడౌను అని వాళ్ళ ఉద్దేశం. ఆ అంశం మీద నా దగ్గర పదకొండు ప్రసంగాలున్న మాట నిజమే. అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నవే. వాటిలో ఒక్కటీ వాళ్ళకివ్వను. ఒక కోడిపుంజు సంగతి చెబుతాను. సగం మంది మధ్యలోనే టీ తాగేసి, బస్సు టైమైందని లేచిపోతారు. మీకు టీ ఇవ్వలేను కాబట్టి చివరిదాకా కూర్చోండి.

పాదిరి పనిని ఉద్యోగం అనకూడదు, సేవ అనాలి అని మా ఆవిడ ఇప్పటికీ నన్ను సరిదిద్దుతూనే ఉంటుంది. బదిలీలు, పై అధికారులు, మంచి సంఘం కోసం పైరవీలు, చివర్లో శాలువా కప్పి సాగనంపడం, ఇన్ని ఉన్నదాన్ని ఇంకేమనాలో నాకు తెలియదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు చేశాను. నా ఆఖరి సంఘం రావులపాలెం నుంచి కాలవగట్టు మీద ఆటోలో అరగంట దూరంలో ఉన్న పల్లె. విశ్వాసులు నూటయాభై మంది. అరటితోటల్లో గెలలు కోసేవాళ్ళు, మార్కెట్లో గెలలు మోసేవాళ్ళు, ఆటోలు తోలేవాళ్ళు. చెప్పుకోదగ్గ ధనవంతుడు మందుకి కూడా దొరకడు.

అందుకే అక్కడ ధనానికి వ్యతిరేకంగా ప్రసంగించడం మహా సుఖంగా ఉండేది. ధనవంతుడు పరలోకం చేరడం కన్నా ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులువు అనగానే అందరూ సంతోషంగా తలలూపేవారు. ఆ మాట తగిలేవాడు లోపల లేడు కదా! నేను ఆ ఒంటెని సూది దగ్గర ఎంతసేపు నిలబెడితే వాళ్ళకి అంత ఆనందం. డబ్బు చెడ్డది కాదు, దాని మీద ఆశే చెడ్డది అని చివర్లో ఒక మాట కలిపేవాణ్ణి. కానుకల సంచి తిరగబోయే ముందు ఆ మాట చాలా అవసరం.

ఒక్క ముసలమ్మ మాత్రం నన్ను తిన్నగా వదిలేది కాదు. భర్త లేడు. గెలల మార్కెట్లో రాలిన కాయలు ఏరి సర్దే పని చేసేది. రెండు కళ్ళకీ శుక్లాలొచ్చి చూపు బాగా మందగించింది. అయినా ఆదివారం ముందు వరసలోనే కూర్చునేది. ఒకసారి ఆరాధనయ్యాక అడిగింది: "అయ్యగారండి, టీవీలో మాటాడే ఆయనేమో దీవెనంటే సొంత కారు అంటన్నాడండి. మీరెప్పుడూ ఒంటె దగ్గరే ఉంటారేంటండి?"

నేను నవ్వేసి ఊరుకున్నాను. నవ్వడం తప్ప జవాబు లేని ప్రశ్నలు పాదిరి జీవితంలో చాలా వస్తాయి. మీరూ అలవాటు చేసుకోండి.

ఇక గుడి సంగతి. స్లాబు కారేది. వానాకాలంలో జనం గొడుగులేసుకుని ఆరాధనకి కూర్చునేవారు. బాప్తిస్మం తీసుకోనివాళ్ళకి కూడా చిలకరింపు జరిగిపోయేది. నీళ్ళలో ముంచి ఇచ్చే బాప్తిస్మమే సరైనదని వాదించే పక్క వీధి సంఘంవాళ్ళు, "ఇంకో రెండు వానలు గట్టిగా పడితే మీరూ మా దారికే వస్తారండి" అని ఎగతాళి చేసేవారు. మేస్త్రీ పైకెక్కి చూసి, అరవై వేలు దాకా అవుతుందన్నాడు. నాకు ఏడాదిన్నర సర్వీసు మిగిలి ఉంది. వెళ్ళేలోగా కప్పు బాగుచేయించాలి, గోడకి ఒక పాలరాయి బిళ్ళ పెట్టించాలి, దాని మీద 'ఫలానా అయ్యగారి సేవాకాలంలో' అని నా పేరుండాలి. ఈ బిళ్ళ సంగతి ఎవరికీ చెప్పలేదు. ప్రార్థనలో దేవుడికి కూడా కప్పు గురించే చెప్పాను. బిళ్ళ సంగతి ఆయనే గ్రహించుకుంటాడులే అనుకున్నాను.

సార్వా వరి కోతలయ్యాక మా వైపు సంఘాల్లో కోత పండగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్ళు గుడికి తెస్తారు. అరటి గెలలు, గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, కంద, బియ్యం, కోళ్ళు. ఆరాధనయ్యాక అన్నిటినీ అక్కడే వేలం వేస్తారు. అది మార్కెట్ వేలం లాంటిది కాదు. బయట వందకి దొరికే గుమ్మడికాయ గుళ్ళో ఐదొందలు పలక్కపోతే పాడినవాడికే నామోషీ. పాడుకున్నవాడు మళ్ళీ దాన్ని దేవుడికే ఇచ్చేస్తాడు, మళ్ళీ పాట పెడతారు. ఒక ఏడాది ఒకే గుమ్మడికాయ నాలుగుసార్లు అమ్ముడుపోయి, ఐదోసారి చేతులు మారుతూ జారిపడి పగిలింది.

పాట పాడించేది మా సంఘ పెద్ద. బస్సు కండక్టరుగా చేసి రిటైరైనాయన. గుళ్ళో కూడా "ముందుకి జరగాలండి, మధ్యలో ఖాళీ ఉంది" అంటుండేవారు. ఆయనకి తొందర ఎక్కువ. ఎవరు దగ్గినా పాటగా లెక్కేసి, టిక్కెట్టు కొట్టినంత వేగంగా కొట్టేసేవారు. అలా ఒక ఏడాది ఉబ్బసంతో బాధపడే పెద్దాయనకి మూడు గెలలు అంటగట్టారు. ఆ గొడవ తరవాత సంఘం కూర్చుని తీర్మానించింది. పాట పెద్దగారే పాడించాలి, కానీ ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనే మాట మాత్రం అయ్యగారే అనాలి. అయ్యగారు మూడోసారి అన్నారంటే ఇక తిరుగు లేదు. పాదిరి నోట అబద్ధం రాదని వాళ్ళ నమ్మకం.

ఆ ఏడాది ముసలమ్మని కంటి ఆపరేషనుకి కాకినాడ తీసుకెళ్ళారు. వెళ్ళే ముందు ప్రార్థన చేయించుకోడానికి వచ్చి, "కన్ను బాగై ఇంటికొచ్చాక, నా గుమ్మంలో మొట్టమొదట ఏది కనపడితే అది ప్రభువుకి ఇచ్చేత్తానని మొక్కుకున్నానండి" అంది.

నేను గబగబా చెయ్యి అడ్డం పెట్టాను. "అమ్మా, అలా మొక్కుకోకూడదమ్మా. పూర్వం ఒక సేనాని ఇలాగే మొక్కుకుంటే కన్నకూతురు ఎదురొచ్చింది."

"నాకు కూతురు లేదు కదండి. ఉన్నదల్లా కొడుకొక్కడే. వాడెదురొత్తే మీరే తీసుకోండి. తిండి మాత్రం కాస్త ఎక్కువ తింటాడండి."

ఆ కొడుక్కి ముప్ఫై ఏళ్ళుంటాయి. అద్దె ఆటో తోలేవాడు. క్రిస్మస్‌కి తప్ప గుడికి వచ్చేవాడు కాదు. తల్లిని ఆస్పత్రి నుంచి తన ఆటోలోనే తెచ్చాడు కాబట్టి ఎదురొచ్చే ప్రమాదం వాడికి తప్పింది. ముసలమ్మ దారి పొడుగునా కళ్ళు మూసుకునే కూర్చుందట. గుమ్మం చేరకముందే ఏదైనా కనపడిపోతే మొక్కు గజిబిజి అవుతుందని. ఇంటి ముందు దిగి, గుమ్మం వైపు తిరిగి, నల్లద్దాలు తీసి కళ్ళు తెరిచింది. ఎదురుగా ఒక పుంజు.

ఆ సాయంత్రమే వచ్చి నాకు చెప్పింది. "ఎర్రగా, నిప్పు రాజేసినట్టు, మెడ నిక్కించి నిలబడ్డాడండి. ఎరుపు చూసి ఎన్నేళ్ళయిందోనండి! నా ఇంట్లో ఇంత అందం తిరుగుతుందని ఇన్నాళ్ళూ నాకు తెలీదండి." చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. నాకూ కళ్ళు చెమర్చాయి. కోత పండగకి ఆ పుంజుని తెస్తానంది.

తమాషా ఏమిటంటే, ఆ పుంజు ఆవిడది కాదు. కొడుకుది. ఏడాదిన్నరగా పందేలకోసం పెంచుతున్నాడు. మామూలు పుంజని చెబితే, చూపు ఆనని తల్లి నమ్మింది. రోజూ పొద్దున్నే దాన్ని కాలవలో ఈతకి దింపేవాడు, స్నానం చేయిస్తున్నాడనుకుంది. దానికి బాదంపప్పు, ఉడికిన గుడ్డు పెట్టేవాడు. కొడుకే తింటున్నాడనుకుని, ఇప్పటికైనా తెలివి పెరుగుతుందని సంతోషించింది.

ఈ సంగతులన్నీ నాకు తెలిసింది పండగ రోజు పొద్దున్న. నేను మొహం కడుక్కుంటుంటే వాడొచ్చి నూతి దగ్గర నిలబడ్డాడు.

"అయ్యగారండి, అది డేగండి. పందెం పుంజండి."

"మీ అమ్మకి చెప్పలేదా?"

"ఎలా చెప్పనండి? పందేలు పాపమని మీరే కదండి ఆవిడకి నేర్పారు! చెప్తే పుంజుతోపాటు నన్నూ వేలం వేయిత్తాదండి." తువ్వాలు చేతిలో నలుపుతూ అన్నాడు. "అద్దె ఆటో తోలి తోలి నడుం పడిపోయిందండి. ఈ పుంజు గెలిత్తే సొంత ఆటోకి ముందు కట్టాల్సింది వచ్చేత్తాదండి. మొక్కు కాదననండి. వేలంలో నేనే పాడుకుంటాను. మామూలు పుంజు వెయ్యి దాటదు కదండి, నేను ఏకంగా మూడు వేలంటాను. మీరెంటనే మూడోసారి అనెయ్యండి. ప్రభువుకి మూడు వేలు, అమ్మకి మొక్కు, నాకు పుంజు. ఎవరికీ నష్టం లేదు కదండి?"

అంత చక్కగా అందరినీ సర్దిపెట్టినవాణ్ణి మా సంఘంలో అంతకుముందు చూడలేదు. పందెం తప్పురా అబ్బాయ్, వెళ్ళి మీ అమ్మకి నిజం చెప్పు అని నేననాలి. ఆ మాట నాలిక దాకా వచ్చింది కూడా. పుంజుకి మూడు వేలంటే బాగానే ఉందే అనే ఇంకో మాట దాన్ని వెనక్కి నెట్టేసింది.

"సరేలే" అన్నాను.

"మాటివ్వండయ్యగారూ."

"ఇచ్చాను. వెళ్ళు."

వాడు నా చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. లోపలికి రాగానే మా ఆవిడ కాఫీ అందిస్తూ, "పొద్దున్నే ఎందుకొచ్చాడండీ?" అంది.

"ప్రార్థన కోసం."

"వాడా?"

"ఆఁ, వాడే."

మా ఆవిడ ఇంకేం అనలేదు. అనకపోవడంలో ఆవిడకి మంచి అనుభవం ఉంది.

గుడికి వెళ్ళేసరికి పెద్దగారు పుంజుని వేదిక పక్క స్తంభానికి కడుతున్నారు. దాని తొడలు తడిమి చూసి, నా చెవిలో, "ఇది కూర పుంజులా లేదండోయ్ అయ్యగారూ. మీకేవన్నా తెలుసా అండి?" అన్నారు.

"కోళ్ళ సంగతి నాకేం తెలుస్తుందండీ?" అన్నాను. నేనూ గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణే. డేగ పుంజుకీ కాకి పుంజుకీ తేడా తెలియకుండా ఇక్కడ ఎవరికీ మీసాలు రావు.

రెండో కీర్తన పాడుతుండగా గుడి బయట రెండు కార్లు ఆగాయి. ముసలమ్మ కొడుకు నెలకిందట గొప్పకి పోయి పుంజు ఫొటో ఫోన్లో స్టేటస్ పెట్టుకున్నాడు. డేగ దేవుడి సొమ్మై వేలానికి వస్తోందని కబురు ఎలా పాకిందో గానీ భీమవరం దాకా పాకింది. ఒక కారులోంచి అక్కడి చేపల చెరువుల ఆసామి దిగారు. రెండో కారులోంచి పిఠాపురం వైపు ఇటుకల బట్టీల ఆసామి, పొద్దున్నే అమ్మవారి గుడికెళ్ళొచ్చిన కుంకుమబొట్టుతో దిగారు. ఇద్దరూ ఎంతో మర్యాదస్తులు. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని, ఆఖరి బల్ల మీద ఒద్దికగా కూర్చున్నారు.

ఆ రోజు నా ప్రసంగం ఒంటె మీదే. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ మాట తగిలే మనుషులు ఇద్దరు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఆరాటంగా వింటున్నారు కూడా. నేనేం చేశానంటారు? ప్రసంగాన్ని పావుగంట కోసేశాను. వేలానికి ఆలస్యమవుతుందని.

గుమ్మడికాయలు, గెలలు అయిపోయాయి. పెద్దగారు పుంజుని చంకలో పెట్టుకుని, "మొక్కుబడి పుంజండీ! ఎక్కాలి, ఎక్కాలి!" అని మొదలుపెట్టారు.

"మూడు వేలు!" అన్నాడు కొడుకు.

గుడంతా అటు తిరిగింది. వాడు నావైపే చూస్తున్నాడు. వెనక బల్ల మీద భీమవరం ఆసామి తొందరేమీ లేకుండా జేబులోంచి కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

"ఒకటోసారి" అన్నాను. "రెండోసారి."

ఇక అనాల్సింది ఒక్క మాట. మాటిచ్చినవాణ్ణి, అనెయ్యాలి. ఆసామి కళ్ళజోడు ముక్కు మీద పెట్టుకుని పుంజు వైపు చూశారు. నేను తల పైకెత్తాను. స్లాబుకి పట్టిన చెమ్మ మరక నా నెత్తిమీదే ఉంది. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది:

"రెండున్నరోసారి."

అలాంటి మాట ఏ వేలంలోనూ ఎవరూ విని ఉండరు. పెద్దగారు చటుక్కున నావైపు తిరిగారు. కొడుకు నోరు తెరిచేశాడు.

"పది వేలండి" అన్నారు భీమవరం ఆసామి.

నేను ఆగడం చూసి తన దగ్గరున్న ఏడు వేలూ పెట్టేద్దామని నోరు తెరిచిన ఆ అబ్బాయి 'ఏ' దగ్గరే ఆగిపోయాడు. పిఠాపురం ఆసామి ఇరవై అన్నారు. ఈయన పాతిక. ఆయన ముప్ఫై. నేను ప్రతిసారీ రెండున్నర దగ్గర ఆగి, వెనక బల్లవైపు ఆశగా చూశాను. ఒకసారి రెండు ముప్పావు కూడా అన్నానని మా ఆవిడ అంటుంది, నాకు గుర్తులేదు. జనం ముందు నవ్వారు, తరవాత నోళ్ళు తెరిచారు, ఆ తరవాత ఊపిరి బిగబట్టారు. అరవై అన్నారు ఒకరు. స్లాబు అయిపోయింది అనుకున్నాను. అరవై ఐదన్నారు ఇంకొకరు. పాలరాయి కూడా వచ్చేసింది. కొడుకు నావైపు చూడ్డం మానేసి, నేలవైపు చూస్తున్నాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అప్పుడు ముందు వరసలోంచి ముసలమ్మ లేచింది.

"అయ్యగారండి, నా కోడికి ఇంత డబ్బేంటండి? వీళ్ళు దాన్నేం చేసుకుంటారండి?"

ఆవిడ కొత్త కళ్ళద్దాల్లోంచి తిన్నగా నన్నే చూస్తోంది. పదేళ్ళలో నా మొహం ఆవిడకి సరిగ్గా కనపడటం అదే మొదలేమో.

"నాకు తెలియదమ్మా" అన్నాను. "కూర వండుకుంటారేమో."

పొద్దుట్నుంచి ముక్కు తెరవని ఆ పుంజు పెద్దగారి చంకలో ఒక్కసారి మెడ సాచి, రెక్కలు విదిల్చి, కప్పు అదిరేలా కూసింది.

వెనక నుంచి ఎవరో ముసలావిడ భక్తిగా "ఆమెన్" అంది. అంతే. గుడంతా గొల్లున నవ్వింది. మా గ్రంథం చదివినవాళ్ళకి కోడికూత అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. చదవని ఇద్దరు ఆసాములకే అర్థం కాలేదు.

"ఏవైందండి? ఎందుకు నవ్వుతున్నారండి?" అని భీమవరం ఆసామి అడిగారు.

పెద్దగారు పుంజుని చంక మార్చుకుని వివరించారు. "మా గ్రంథంలో ఒక శిష్యుడుంటాడండి. తన గురువెవరో నాకు తెలీదని మూడుసార్లు అబద్ధం ఆడాడండి. ఆడగానే కోడి కూసిందండి."

"ఓహో. మరి అయ్యగారు ఎన్నిసార్లు ఆడారండి?"

ఆయన ఎకసెక్కానికి అడగలేదు. లెక్క తెలుసుకుందామని అడిగారు. పెద్దగారు ఇబ్బందిగా నావైపు చూసి, "పొద్దున్న నాతో ఒకటండి" అన్నారు.

ఆడవాళ్ళ వైపు నుంచి మా ఆవిడ గొంతు స్పష్టంగా వినిపించింది. "అంతకుముందు నాతో ఒకటి."

"అయితే ఇప్పుడు నాతో ఆడింది మూడోదాండి?" అంది ముసలమ్మ.

పుంజు పాట మొదలయ్యాక 'మూడో' అన్న మాట గుళ్ళో వినపడటం అదే మొదలు. అదీ నా నోటి నుంచి కాదు.

వేదిక మెట్టు మీద కూర్చుండిపోయి, ఉన్నదంతా చెప్పేశాను. పందెం పుంజని నాకు తెలుసని, కాలికి కత్తి కట్టి దింపడానికే ఇంత ధర పలుకుతోందని, వాడికి మాటిచ్చి తప్పానని. పాలరాయి బిళ్ళ సంగతి కూడా చెప్పాను. అదొక్కటీ దాచుకుందామని చూశాను గానీ, పుంజు ఇంకా నావైపే చూస్తోంది.

ముసలమ్మ పెద్దగారి దగ్గరికి వెళ్ళి పుంజు వీపు నిమిరింది. "ఇంత అందమైనదాని కాలికి కత్తాండి?" అంది. పిఠాపురం ఆసామి లేచి, "మేం బాగా చూసుకుంటామమ్మా" అన్నారు. "చూసుకుంటారు లెండి, పందేల పండగదాకా" అంది ఆవిడ.

అప్పుడు కొడుకు బయటపడ్డాడు. "అమ్మా, అది ఆటో అమ్మా!"

"ఆటో ఏంట్రా? కోడిరా."

"నాకు ఆటోనే అమ్మా. ఏడాదిన్నర పెంచానమ్మా. నేను తినకుండా దానికి పెట్టానమ్మా." వాడు అందరి ముందూ ఏడ్చేశాడు. ఎవరూ నవ్వలేదు.

ముసలమ్మకి ఒకవైపు కొడుకు, ఒకవైపు మొక్కు. చివరికి నావైపు తిరిగింది. "ప్రభువుకిచ్చింది వెనక్కి తీసుకోవచ్చాండి?"

"నాకు తెలియదమ్మా" అన్నాను. ఈసారి నిజమే చెప్పాను. కోడి కూడా ఊరుకుంది.

"ఇంకో అయిదు వేలు వేసుకోండమ్మా" అన్నారు భీమవరం ఆసామి, బేరం తెగలేదనుకుని.

ముసలమ్మ తల అడ్డంగా ఊపింది. "అయ్యగారు కూరన్నారు కదండి. పాదిరి నోటి మాట అబద్ధం అవ్వకూడదండి. కూరే వండేద్దాం."

ఆ మాటకి ఎదురు చెప్పగలిగినవాడు గుళ్ళో లేడు. నా అబద్ధాన్ని నిజం చెయ్యడానికి ఆవిడ కొడుకు ఆటోని పొయ్యి మీద పెట్టింది. పెద్దగారు పుంజుని తీసుకుని గుడి వెనక్కి వెళ్ళారు. రైట్ రైట్ అనలేదు, మెల్లగా నడిచి వెళ్ళారు.

తరవాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను, మళ్ళీ భోజనాల మధ్యలో ఎందుకు. స్లాబు ఇంకో రెండు వానాకాలాలు కారింది. నా తరవాత వచ్చిన చిన్న అయ్యగారు బాగుచేయించారు. పాలరాయి బిళ్ళ కూడా పెట్టారు, ఆయన పేరుతో. ఎప్పుడైనా వెళితే నిలబడి చదువుతాను. చక్కటి అక్షరాలు. నన్ను ఊళ్ళో ఇప్పటికీ 'రెండున్నర అయ్యగారు' అంటారు. ఆ అబ్బాయిని క్షమించమని అడిగాను. "క్షమించానండి" అన్నాడు. క్షమాపణతో ఆటో రాదని ఇద్దరికీ తెలుసు. ఇంకా అద్దె బండే తోలుతున్నాడు. నేనెక్కితే, "ఎంతరా?" అంటాను. "రెండొందలండి" అంటాడు. కాస్త ఆగి, "రెండున్నరొందలండి" అంటాడు. మారుమాట లేకుండా ఇచ్చేస్తాను.

ప్రసంగం ఎలా చెయ్యాలని కదూ అడిగారు. ఒంటె అనగానే ఎదుటివాళ్ళ మొహాలు వెతక్కండి, ముందు మీ వీపు తడుముకోండి. నేను వెతికినన్నాళ్ళూ ఒంటె నా సంఘంలో లేదనుకున్నాను. నిజమే, అది వేదిక మీద నిలబడి ప్రసంగం చేస్తోంది. కారు కావాలనేవాడికి తనకి కారు కావాలని తెలుసు. నాలాంటివాడు తన ఆశకి గుడి కప్పు కప్పుకుంటాడు. ఆ కప్పు కారదు, అదే చిక్కు.

భోజనాలకి గుడి ముందు పందిట్లో అరిటాకులు వేశారు. ఆసాములిద్దరూ వెళ్ళిపోతామన్నా ముసలమ్మ ఒప్పుకోలేదు. పంక్తిలో కూర్చోబెట్టింది. నూటయాభై మందికి ఒక్క పుంజు. వేలంలో మళ్ళీ దేవుడికే వచ్చేసిన గుమ్మడికాయలన్నీ తరిగి అందులో కలిపేశారు. ముక్క దొరికినవాడు పక్కవాడికి చూపించుకుని మరీ తిన్నాడు. భీమవరం ఆసామి వేళ్ళు నాకి, "ఇంత ఖరీదైన కూర నేనెప్పుడూ తినలేదండి" అన్నారు.

వడ్డన ముసలమ్మే చేసింది. మొట్టమొదట కాలవ వంతెన గోడ మీద ఒంటరిగా కూర్చున్న కొడుకు దగ్గరికి ఆకు పట్టుకెళ్ళింది. వాడు చాలాసేపు తినలేదు. ఆవిడ వాడి పక్కనే కూర్చుని, ముద్ద కలిపి నోటికి అందించింది. తిన్నాడు. కళ్ళు తుడుచుకుంటూ, "కారం ఎక్కువైందమ్మా" అన్నాడు. "అవున్రా, ఎక్కువైంది" అంది.

తరవాత గిన్నె పట్టుకుని వరసగా వడ్డిస్తూ నా ఆకు దగ్గరికి వచ్చింది. నేను తలెత్తలేదు. రెండు గుమ్మడికాయ ముక్కలు వేసి వెళ్ళిపోతుందనుకున్నాను. ఆవిడ వంగి, కళ్ళద్దాలు సర్దుకుని, గరిటతో గిన్నె అడుగంతా వెతికింది.

"ఇక్కడే ఉండాలండి... ఆఁ, ఇదిగోనండి." పొడవాటి ముక్క ఒకటి నా ఆకులో పడింది. "కూసిన మెడండి. మీకని తీసి ఉంచాను."

వెటకారమో, మర్యాదో ఆవిడ గొంతుని బట్టి తేల్చుకోలేకపోయాను. మొహంలోకి చూద్దామంటే ధైర్యం చాల్లేదు.

"తినండయ్యగారూ, చల్లారిపోద్ది" అని పక్క ఆకుకి వెళ్ళిపోయింది.

తిన్నాను. మెడలో కండ తక్కువ, ఎముకలెక్కువ. అందరూ లేచి చేతులు కడుక్కున్నా నేనింకా నములుతూనే ఉన్నాను.